నీలం టిక్కులు లేని రోజులు

మా మనవరాలు హైదరాబాదులో ఎంటెక్ చదువుతోంది. మొన్న సంక్రాంతికి వచ్చింది. వచ్చిన మర్నాడు నేను వాకిట్లో కుర్చీ వేసుకుని ఎండ కాచుకుంటుంటే, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని అరుగు మీద కూర్చుని, "తాతయ్యా, నీకు తెలిసినవాళ్ళందరి పేర్లూ చెప్పు" అంది. ఎందుకే అంటే ప్రాజెక్టట. మనుషులు ఫోన్లలో ఎలా మసులుకుంటారు, బయట ఎలా మసులుకుంటారు, రెంటికీ తేడా ఎక్కడ అన్నది విషయమట. ఒక్కో మనిషీ ఒక చుక్క. ఇద్దరికీ పరిచయముంటే మధ్యలో ఒక గీత. నెట్‌వర్క్ అంటే అంతేనట.

"దీనికి ఎంటెక్ ఎందుకే? మీ నాయనమ్మ రోజూ తెల్లారగట్ల అదే వేస్తోందిగా వాకిట్లో, చుక్కలూ గీతలూ" అన్నాను. నవ్వలేదు. ఈ కాలం పిల్లలు ఎదురుగా కూర్చున్న మనిషి మాటకి నవ్వరు. తరవాత తీరిగ్గా నవ్వు బొమ్మ పంపిస్తారు.

నేను 1971లో తపాలా శాఖలో గుమస్తాగా చేరి, 2009లో సబ్ పోస్టుమాస్టరుగా దిగిపోయాను. అందులో సగానికి పైగా గోదావరి లంక ఊళ్ళలోనే. అలాంటివాడికి ఎవరు ఎవరికి ఏమవుతారో బొమ్మ గీసి చూపించడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

పొద్దున్న ఎనిమిదింటి బస్సులో టపా సంచి దిగేది. లక్క సీలు పగలగొట్టి సంచి బల్ల మీద గుమ్మరిస్తే ఊరి బతుకంతా ఆ బల్ల మీదుండేది. ఏ కోడలు పుట్టింటికి నెల తప్పకుండా రాస్తుందో, ఏ అల్లుడు డబ్బు అవసరమైనప్పుడే మామగారిని తలుచుకుంటాడో, ఎవరికి కువైట్ నించి ఉత్తరాలు ఆగిపోయాయో, ఏ కవరూ విప్పకుండానే తెలిసేది మాకు. కార్డు నాలుగు మూలలా పసుపుంటే శుభం. ఒక మూల చించి ఉంటే అశుభం. ఆ మూల చింపిన కార్డుని మా పోస్టుమేను ఎప్పుడూ గుమ్మంలో ఇచ్చేవాడు కాదు. వీధిలో నిలబడి ఇంటి పెద్దని బయటికి పిలిచి చేతికిచ్చేవాడు. ఆయన అక్కడే చదివి, అక్కడే చించి పారేసి, అప్పుడు లోపలికి వెళ్ళి చెప్పేవాడు. చావు కబురుకి ఒక దారి ఉండేది, ఒక గొంతుండేది. ఇప్పుడు పొద్దున్నే ఫోన్ తీస్తే ఒకటే వరసలో పెళ్ళిరోజు కేకు, పెసరట్టు, బంగారం ధర, శవం. దేనికీ మూల చించి ఉండదు.

ఇంకో సంగతి. రిజిస్టరు ఉత్తరానికి ఎక్నాలెడ్జిమెంటు కార్డని ఒకటి కట్టేవాళ్ళు. ఉత్తరం అందుకున్నవాడు దాని మీద సంతకం పెడితే అది పంపినవాడికి తిరిగి వెళ్ళేది. దాన్ని కట్టించేదెవరు? ప్లీడర్లూ, అప్పులిచ్చినవాళ్ళూ. అన్న తమ్ముడికి మామూలు కార్డు రాస్తున్నంతకాలం ఆ ఇల్లు బాగున్నట్టు. రిజిస్టరు చేసి ఎక్నాలెడ్జిమెంటు అడిగాడంటే పొలం గట్టు దగ్గర పేచీ వచ్చినట్టే. ఆ మాట ఊరందరి కంటే ముందు మా కౌంటరుకి తెలిసేది. 2014 నవంబరులో వాట్సాప్ వాడు నీలం టిక్కులు పెట్టాడు. అంటే ఏం చేశాడన్నమాట? "అన్నం తిన్నావా" అన్న కబురుకి కూడా ఎక్నాలెడ్జిమెంటు కట్టేశాడు. దాంతో ప్రతి చుట్టమూ ప్లీడరైపోయాడు. "చూశావుగా, జవాబివ్వలేదేం?" మా రెండో కోడలికీ వాళ్ళ అక్కకీ రెండు నెలలపాటు మాటల్లేవు. ఆస్తి తగాదా కాదు, నీలం టిక్కు తగాదా.

పూర్వం జవాబు రాకపోతే "ఉత్తరం అందలేదేమో" అనుకునేవారు. తరవాత ఎప్పుడో పెళ్ళిలో ఎదురుపడితే "రాశాను వదినా, ఆ పోస్టువాళ్ళు ఏం చేశారో" అనేవారు. వదినగారికీ తెలుసు రాయలేదని. అయినా ఇద్దరూ కలిసి మమ్మల్ని తిట్టుకుని, పక్కపక్కన కూర్చుని భోంచేసేవారు. ఎన్ని చుట్టరికాలు ఆ ఒక్క "ఏమో" మీద నిలిచాయో నాకు తెలుసు. మా శాఖ మీద పడ్డ నిందల్లో సగం అబద్ధాలే. మోశాం. ఇప్పుడు ఆ నింద మొయ్యడానికి మధ్యలో ఎవరూ లేరు.

(బేరింగు ఉత్తరం సంగతి ఈ తరానికి తెలియదు. స్టాంపు అంటించకుండా పంపితే అందుకున్నవాడు రెట్టింపు కట్టాలి. పైన విలాసం రాసిన తీరులోనే క్షేమమని గుర్తు పెట్టుకుని, డబ్బు కట్టకుండా వెనక్కి పంపేసే ఘనులుండేవారు. ఆ ఘనుల పిల్లలే తరవాత మిస్డ్ కాల్ కనిపెట్టారని నా అనుమానం.)

మా రోజుల్లో ఫార్వర్డులు లేవా అంటారేమో. ఉన్నాయి. అమ్మవారి పేరు మీదో, ఏడుకొండలవాడి పేరు మీదో కార్డు వచ్చేది. "ఈ ఉత్తరం అందిన తొమ్మిది రోజుల్లో 21 మందికి రాస్తే శుభం, చించితే నష్టం." మా సంచిలో వారానికి నాలుగైనా ఉండేవి. రాసేవాళ్ళు రాసేవారు కూడా. కాని 1980ల్లో కార్డు 15 పైసలు. 21 కార్డులంటే 3 రూపాయల 15 పైసలు. కూలికి పోయే ఇంట్లో చిన్న డబ్బు కాదు. పైగా అదే మాట 21 సార్లు చేత్తో రాయాలి, 21 విలాసాలు గుర్తు తెచ్చుకోవాలి. పదకొండో కార్డు దగ్గర చెయ్యి పీకేది. చెయ్యి పీకితే బుర్ర పనిచేసేది. "అమ్మవారికి నా చేత కార్డులు రాయించుకునే ఖర్మేమిటి" అని తక్కిన కార్డులు పిల్లల చదువుకి దాచేవారు.

ఈ చెయ్యి నొప్పినే 2018లో వాట్సాప్ వాడు కొత్తగా కనిపెట్టాడు. ఆ ఏడు మన దేశంలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వీడియోలు పాకిపోయి, ముక్కూ మొహం తెలియనివాళ్ళని జనం కొట్టి చంపారు. అప్పుడు ఒక కబురుని ఒకసారికి అయిదు చోట్లకి మించి పంపకుండా కట్టడి చేశాడు. 2020లో, అప్పటికే చాలా చేతులు మారిన కబురైతే ఒక్కచోటికే అన్నాడు. దాంతో అలాంటి కబుర్ల చలామణీ 70 శాతం తగ్గిందని వాడే చెప్పుకున్నాడు. చూశారా? మనిషిని మార్చలేదు, నీతి బోధించలేదు. వేలుకి కాస్త శ్రమ పెట్టాడు, అంతే. ఆ ముక్క మా కౌంటరు దగ్గరికొచ్చి అడిగితే ముందే చెప్పేవాళ్ళం.

అదే 2018లో గద్వాల దగ్గర జరిగింది నాకు మరీ నచ్చింది. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకి అప్పట్లో రెమా రాజేశ్వరి గారు ఎస్పీ. ఈ పిల్లల దొంగల పుకారు ఊళ్ళలోకి దిగిందని తెలిసి ఆవిడ ఫోన్లలో ప్రకటనలిచ్చి ఊరుకోలేదు. ఊరికో పోలీసుని కేటాయించారు. దండోరా వేయించారు, పాటలు కట్టించారు. పోలీసులే డప్పు పట్టుకుని పాడారు. నాలుగు వందల ఊళ్ళలో ఈ పని జరిగింది, పుకారుకి ఒక్క ప్రాణమూ పోలేదు. ఫోన్లో వచ్చిన రోగానికి డప్పు మందన్నమాట. డప్పు కొట్టేవాడు ఎవరో ఊరికి తెలుసు. అబద్ధమైతే రేపు ఆ మనిషినే నిలదీయొచ్చు. ఫార్వర్డు పంపినవాణ్ణి అడగండి. "నాకొచ్చింది, పంపించాను" అంటాడు. మా రోజుల్లో "ఎవడు చెప్పాడ్రా?" అన్న ప్రశ్నకి జవాబుగా ఒక పేరుండేది.

పుకార్లకి మేమేం తక్కువ తినలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 1979లో స్కైలాబ్ మన నెత్తిన పడబోతోందని రేడియోలోనూ పేపర్లలోనూ వచ్చిన నాలుగు ముక్కలకి జనం నలభై కలిపారు. నేనప్పుడు ఒక లంకలో ఉన్నాను. ఆ వారం మా కౌంటర్లో విత్‌డ్రాయల్ ఫారాలు అయిపోయాయి. సేవింగ్సు తీసి మేకలు కోసుకు తిన్నవాళ్ళున్నారు, బాకీ తీర్చనని మొండికేసినవాళ్ళున్నారు. ఎలాగూ పోతాం కదా అని ఇరవై ఏళ్ళ పంతం మానుకుని తోడల్లుళ్ళిద్దరు మాట్లాడుకున్నారు కూడా. జులై 11న ఆ ముక్కలు పోయి పోయి హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. మర్నాడు డబ్బు మళ్ళీ జమ చెయ్యడానికి క్యూ కట్టారు, మేకల ఖర్చు పోను. కాబట్టి మేం తెలివైనవాళ్ళమని నేననడం లేదు. మా తెలివితక్కువతనం నడిచి వెళ్ళేది, వీళ్ళది ఎగిరి వెళ్తోంది.

ఈ మాటంటే మా పిల్ల లాప్‌టాప్ తిప్పి చూపించింది. అమెరికాలో ఎంఐటీ వాళ్ళు 2006 నించి 2017 దాకా ట్విట్టర్లో తిరిగిన లక్షా ఇరవై ఆరు వేల కబుర్లని తూకం వేశారట. నిజం 1,500 మందికి చేరడానికి అబద్ధం కంటే ఆరు రెట్లు ఎక్కువ సమయం తీసుకుందట. 2018లో సైన్స్ పత్రికలో వచ్చింది. యంత్రాలు చేసిన పని కాదట అది. మనుషులే, కొత్తగా ఉంది కదాని చేతులు మార్చారట. కొత్త కబురు ముందు చెప్పాలన్న దురద మా నాటిదే. చెప్పడానికి నాలుగు వీధులు తిరగాల్సి వచ్చేది, తిరిగేలోగా ఎవరో ఒకరు "అది కాదులే" అని సర్దేవారు.

తరవాత "ప్రపంచమంతా ఆరుగురి దూరంలో ఉంది తాతయ్యా" అంది. ఇది నాకు ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే ఆ సిద్ధాంతం ఉత్తరాల మీద కట్టిందట. 1960ల్లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ప్రొఫెసరు నెబ్రాస్కాలోనూ బోస్టన్‌లోనూ కొంతమంది చేతికి తలా ఒక కాగితాల కట్ట ఇచ్చాడు. బోస్టన్‌లో పనిచేసే ఒక షేర్ల దళారికి అది చేరాలి. నేరుగా పంపకూడదు. తనకి బాగా పరిచయమున్న మనిషికే పంపాలి, ఆ మనిషి తనకి పరిచయమున్న ఇంకొకరికి. చేరినవాటికి మధ్యలో సగటున అయిదుగురు తగిలారు.

"ఎన్ని బయల్దేరితే ఎన్ని చేరాయి?" అన్నాను.

"296కి 64."

"తక్కినవి?"

"మధ్యలో ఆగిపోయాయి."

నా సర్వీసులో 296 ఉత్తరాలకి 64 బట్వాడా అయితే నన్ను సస్పెండు చేసి ఎంక్వైరీ వేసేవారు. అక్కడ సిద్ధాంతమైంది! టపా తప్పు కాదులెండి, చేతిలో పడ్డవాళ్ళు ముందుకి పంపలేదు. మనుషులు ఆరుగురి దూరంలో ఉన్నమాట నిజమే కావచ్చు, ఆ ఆరుగురూ పూనుకుంటే. పూనుకోరు. ఆ ప్రయోగంలో నాకు నచ్చింది వేరే. చేరిన 64లో 16 కట్టలు ఆ దళారి ఉండే ఊళ్ళో ఒకే ఒక్క బట్టల వ్యాపారి చేతి మీదుగా వచ్చాయట. ఇది విన్నాక మిల్‌గ్రామ్ గారి మీద గౌరవం కలిగింది. బట్టల కొట్టు ఎక్కడైనా బట్టల కొట్టే. మా ఊరి శెట్టిగారికి పెళ్ళి మాట పురోహితుడి కంటే ముందు తెలిసేది, అప్పు ఖాతా తెరవాలి కనక. ఎవరి చుట్టం ఎక్కడున్నాడో, ఎవరి మాట ఎవరు వింటారో ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చునే చెప్పేవాడు. మాకు విలాసం సరిగ్గా లేని ఉత్తరం వస్తే ముందు ఆయన్నే అడిగేవాళ్ళం. మా పిల్ల బొమ్మలో అలాంటివాణ్ణి "హబ్" అంటారట. మేం శెట్టిగారనేవాళ్ళం.

2016లో ఫేస్‌బుక్ వాళ్ళు లెక్కేస్తే ఆ ఆరు కాస్తా మూడున్నరకి దిగిందట, 3.57. దాదాపు 160 కోట్ల మంది, ఒకరికొకరు మూడున్నర మెట్ల దూరంలో. మంచిదే. మా పెద్దవాడు హైదరాబాదులో ఉండే అపార్టుమెంటుకి వెళ్ళి నేను మూడు నెలలున్నాను. ఆ అపార్టుమెంటు గ్రూపులో నన్నూ చేర్చాడు. అందులో ఒకాయన రోజూ ఆరింటికల్లా గులాబీ పువ్వు పంపేవాడు, శుభోదయమని. ఆ మూడు నెలలూ ఒక్కరోజు మానలేదు. మనిషెవరో తెలుసుకుందామంటే ఫొటో స్థానంలో వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. చివరికి తిరుగు ప్రయాణం నాడు వాచ్‌మన్ చెప్పాడు: రోజూ లిఫ్టులో నా పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటూ దిగే బట్టతలాయనే అని. నాకు తొంభై గులాబీలిచ్చిన మనిషి నా మొహం ఒక్కసారి చూడలేదు.

ఆ గ్రూపులోనే ఇంకొకాయన, రిటైరైన బ్యాంకు ఆఫీసరు, రాత్రి పదకొండింటికి నీళ్ళ మోటారు గురించి రాసిన రాతలు నేనిక్కడ రాయలేను. సెక్రటరీ వంశాన్ని మూడు తరాలు తడిమాడు. పొద్దున్న అదే సెక్రటరీ మెట్ల దగ్గర ఎదురైతే "నమస్కారమండీ, కాఫీ అయిందా" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు కళ్ళు తిరిగాయి. దీనికీ పేరుందిట. జాన్ సూలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2004లో రాశాడట: తెర వెనకుంటే ఎదుటివాడి కళ్ళు కనపడవు, జవాబు వెంటనే రాదు, అందుకని లోపలి కట్టు తెగిపోతుందని. మా రచ్చబండ దగ్గరా తిట్టుకున్నారు. మరి అక్కడ తిట్టినవాడు అక్కడే నిలబడాలిగా! ఎంత తిరిగి పడుతుందో చూసుకునే వదిలేవాడు. పైగా ఇద్దరి మధ్యకీ ఒక ముసలాయన దూరేవాడు, ఎవరూ పిలవకుండానే.

ఇప్పుడు నా సిగ్గు నేనే చెప్పుకుంటాను. మా పెన్షనర్ల గ్రూపులో ఒకరోజు మా పాత హెడ్ పోస్టుమేను ఫొటో వచ్చింది. మెళ్ళో ఇంత లావు బంతిపూల దండ. కింద ఏదో రాసి ఉంది, కళ్ళజోడు దగ్గర లేదు. అప్పటికే వరసగా "ఓం శాంతి" "ఓం శాంతి" అని పడుతున్నాయి. నాకు గుండె కలుక్కుమంది. నేనూ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, "మంచి మనిషి, తీరని లోటు" అని కలిపాను. నలభై ఒక్క మందిమి అలా కన్నీరు కార్చాక, ఆయనే రాశాడు: "అయ్యా, నిన్న మా వీధి కుర్రాళ్ళు నాకు సన్మానం చేశారు. ఇంకా ఉన్నాను." మొదటి ఓం శాంతి ఎవరిదో మాకెవరికీ తెలియలేదు. ఒకరి వెనక ఒకరం నడిచాం. కార్డు రాసే రోజుల్లో అయితే ఆ కబురు నిజమో కాదో ఒకణ్ణి పంపి కనుక్కునేవాళ్ళం. ఆ మర్నాడు బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్ళాను. "బతికున్నానా లేదా అని చూడ్డానికొచ్చారా మాస్టారూ" అని నవ్వి, మజ్జిగ ఇచ్చాడు. ఇద్దరం పన్నెండేళ్ళ తరవాత కలుసుకున్నాం. అదీ ఆ ఓం శాంతి పుణ్యమే.

మా పిల్ల లెక్క ప్రకారం నాకు ఫేస్‌బుక్‌లో 612 మంది స్నేహితులు. నేనెవర్నీ పిలవలేదు, వాళ్ళే వచ్చి పడ్డారు. "మనిషి మెదడు 150 మందికి మించి చుట్టరికం మొయ్యలేదు తాతయ్యా, రాబిన్ డన్‌బార్ చెప్పాడు" అంది. ఆయన బ్రిటన్‌లో శాస్త్రవేత్త, 1990ల్లో కోతుల మెదళ్ళ నించి మొదలుపెట్టి మనుషుల దాకా వచ్చాడు. ఆయనే 2016లో ఫేస్‌బుక్ వాడేవాళ్ళని అడిగితే, ఎంతమంది స్నేహితులున్నా, నిజంగా కష్టమొస్తే ఆధారపడగలిగినవాళ్ళు సగటున నలుగురే తేలారట. నలుగురు! దానికి సర్వే ఎందుకండీ? మన భాషలో లోకమంటేనే నలుగురు. మంచి చేస్తే నలుగురూ మెచ్చుకుంటారు, తప్పు చేస్తే నలుగురూ నవ్వుతారు, చివరికి మొయ్యడానికీ నలుగురే.

ఇలా మాట్లాడుతూనే పిల్ల నా ఫోన్ లాక్కుని ఏవో నొక్కింది. "తాతయ్యా, ఇక్కడ ఫ్రెండ్ రిక్వెస్టు ఒకటి రెండేళ్ళ నించి పడుంది. ఎవరీవిడ?" అంది.

"మన లంకవాళ్ళే."

"మరి యాక్సెప్ట్ చెయ్యవేం?"

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడ్డంలేదు" అన్నాను.

నలుగురి మాటకొస్తే, పోయినేడు మా ఆవిడకి ఆపరేషనైంది, కాకినాడలో. చుట్టాల గ్రూపులో 87 మంది ఉన్నారు. "గెట్ వెల్ సూన్" పువ్వులు కుప్ప పోశారు. మనిషిగా వచ్చినవాళ్ళు మా తమ్ముడూ, పాలబ్బాయీ, ఎదురింటి టీచరమ్మా. ఇక్కడిదాకా నా వాదన నెగ్గింది కదా? తరవాత సాయంత్రం రక్తం కావాలన్నారు, ఆవిడది దొరకడం కష్టమైన గ్రూపు. ఆ ముగ్గురి రక్తమూ పనికి రాలేదు. మనవరాలు హైదరాబాదు నించే ఎక్కడో రక్తదాతల గ్రూపులో పెట్టింది. గంటన్నరలో ఎవరో కుర్రాడు బండి మీద వచ్చాడు, వానలో తడిసి. మాకు ఏమీ కాడు, మా ఊరివాడు కాడు. ఇచ్చాడు, వెళ్ళిపోయాడు. కాఫీ తాగు బాబూ అంటే "డ్యూటీకి టైమైంది అండీ" అన్నాడు. మార్క్ గ్రానొవెటర్ అనే ఆయన 1973లోనే చెప్పాడట, దగ్గరవాళ్ళ దగ్గర మనకున్నదే ఉంటుంది, లేనిది దూరపు పరిచయాల దగ్గర దొరుకుతుందని. ఆయన ఉద్యోగాల గురించి చెప్పాడు, మాకు రక్తం దగ్గర తెలిసొచ్చింది. దీని మీద సణగడానికి నాకేమీ దొరకలేదు. చాలా వెతికాను.

దొరకనప్పుడు పూర్తిగా ఒప్పుకోవడమే మర్యాద. మా రోజుల్లో అరుగులన్నాను, రచ్చబండలన్నాను. ఆ అరుగు మీద ఎవరు కూర్చునేవారు? మా పోస్టాఫీసు అరుగు మీద పేపరు చదివినవాళ్ళలో పేటల నించి వచ్చినవాళ్ళు నాకు గుర్తులేరు. వాళ్ళు వీధిలో నిలబడి వినేవారు. ఆడవాళ్ళు ఆ అరుగు వైపు తల తిప్పేవారు కాదు. ఎస్.సి. దూబే గారు హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటని పట్టుకుని 1955లో ఇండియన్ విలేజ్ అని పుస్తకం వేశారు. అది చదివితే మా రోజులు మా రోజులని గుండెలు బాదుకునే నాబోటివాడి నోరు సగం మూతపడుతుంది. ఊరు ఒక్కటే, ఎవరు ఎక్కడిదాకా రావచ్చునన్న గీతలు మాత్రం ఎన్నో. ఇవాళ ఆ పేటల పిల్లలు ఫోన్లో మా పాటికి మేమే రాస్తామంటున్నారు. అరుగు అక్కర్లేదంటున్నారు.

ఇంకో సగం మూతపడే సంగతి కూడా ఉంది. 1984. ఊళ్ళో పెద్ద రైతు కూతురికి కాకినాడ నించి వారానికొక ఇన్‌లాండు కవరు వచ్చేది. ముత్యాల్లాంటి చేతిరాత. పంపినవారి పేరు ఉండేది కాదు. ఊళ్ళో చుక్కలూ గీతలూ తెలిసినవాణ్ణి కదా, నాకు తెలుసు ఎవరో. ఒక సాయంత్రం ఆవిడ తండ్రి వచ్చి కౌంటరు పక్కన కూర్చుని, పంటల గురించీ కాలవ నీళ్ళ గురించీ మాట్లాడి, లేస్తూ అన్నాడు: "మాస్టారూ, మా అమ్మాయికొచ్చే ఉత్తరాలు ఇకమీద నా చేతికియ్యండి." ఎవరి పేర వచ్చిన ఉత్తరం వాళ్ళకే చేరాలి. ఆ రూలు నేను పరీక్ష రాసి నేర్చుకున్నదే. మూడు ఉత్తరాలు ఆయన చేతికిచ్చాను. ఊళ్ళో బతకాలి కదా అనుకున్నాను.

మాఘమాసంలో పెళ్ళి కుదిరింది. పెళ్ళికి వారం ముందు, మధ్యాహ్నం జనం లేని వేళ చూసి ఆ అమ్మాయి పోస్టాఫీసుకొచ్చింది. "నాకేమైనా ఉత్తరాలు వచ్చాయా అండీ?" అని అడిగింది.

"రాలేదమ్మా. దారిలో ఎక్కడైనా తప్పిపోయాయేమో" అన్నాను.

2016 నించి వాట్సాప్ కబురు పంపినవాళ్ళకీ అందుకున్నవాళ్ళకీ తప్ప మధ్యలో ఎవరికీ కనపడకుండా తాళం వేశారట. మా మనవరాలి ఫోన్‌కి అదిగాక ఇంకో తాళం కూడా ఉంది. దాని ఉత్తరం నాలాంటివాడి చేతిలో పడదు.

ఫేస్‌బుక్‌లో రెండేళ్ళ నించి పడున్న రిక్వెస్టు ఆవిడదే. కళ్ళజోడు ఆ పూటే దొరికింది. ఇంకా నొక్కలేదు.